కర్ర తీసే ముందు

(హసన్‌పర్తిలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో ఒక సెంట్రింగ్ మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసం అలవాటు లేదు. ఇరవై ఏళ్లకు పైగా సెంట్రింగ్ పని చేస్తున్నాను. నా గొంతు స్లాబ్ మీది నుంచి కిందికి అరవడానికి అలవాటు పడింది గానీ మైకులో మాట్లాడటానికి కాదు. సంఘం వాళ్లు ఫోన్ చేసి "అన్నా, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలె" అన్నారు. మంచి మాటలు చెప్పడానికి సార్లు ఉన్నారు, నేను పని మాటలు చెప్తానన్నాను. సరే అన్నారు. కాబట్టి తప్పు నాది కాదు.

పొద్దున బస్సు దిగి ఇక్కడికి నడిచి వస్తుంటే లెక్కపెట్టాను. హన్మకొండ నుంచి ఇటు ఎర్రగట్టు గుట్ట దాటి హసన్‌పర్తి వచ్చేదాకా రోడ్డుకు రెండు పక్కలా ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్న బిల్డింగులు ఎన్నో కనిపించాయి. కాలేజీలు వచ్చాయి, వాటి వెంట హాస్టళ్లు వచ్చాయి, హాస్టళ్ల వెంట అపార్టుమెంట్లు. వీటిలో మన తండాల పిల్లలు, గూడేల పిల్లలు చెయ్యి పెట్టని బిల్డింగు ఒక్కటి చూపించండి. ఉండదు. అయితే అక్కడ మనవాళ్లు ఏం చేస్తున్నారో కూడా చూడండి. ఇసుక మోస్తారు, ఇటుక అందిస్తారు, కర్ర పట్టుకోమంటే పట్టుకుంటారు, వదలమంటే వదులుతారు. ఆ కర్ర అక్కడ ఎందుకుందో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడు మేస్త్రీ. తెలియనివాడు హెల్పర్. కూలిలో తేడా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాణం విషయంలో కూడా తేడా ఉంది. ఈరోజు దాని గురించే చెప్తాను.

ముందొక మాట. కొయ్యపని మన చేతికి కొత్త కాదు. నాయకపోడు అన్నలు ఈ హాల్లో ఉన్నారు, పునికి కర్రతో లక్ష్మీదేవర ముఖాలు చెక్కేవాళ్ల ఇళ్ల నుంచి వచ్చారు. పునికి తేలిక, మెత్తన, ఉలికి లొంగుతుంది. నిర్మల్ బొమ్మలు చేసేదీ ఆ కర్రతోనే. ఏ కర్ర దేనికి పనికొస్తుందో వాళ్ల తాతలకు చెట్టు దగ్గరే తెలిసేది. కోయ గూడేల్లో ఇల్లు నిలబెట్టేది గుంజలే. గుంజకు ఏ చెట్టు, నిట్రాడికి ఏ చెట్టు, తడికకు ఏ వెదురు అని పెద్దవాళ్లను అడగండి, ఒక పూటంతా చెప్తారు. మా తాత నాగలి తనే చెక్కుకునేవాడు. తుమ్మ మొద్దు మీద బాడిశ వేస్తుంటే చిన్నప్పుడు నేను ఎదురుగా కూర్చునేవాణ్ని. "ఎదురుగ కూసోకురా, పక్కకు కూసో" అని కసిరేవాడు. నాకు కోపం వచ్చేది. బాడిశ జారితే ఎటు పోతుందో ఆయనకు తెలుసు. నా మొదటి సేఫ్టీ క్లాసు అదే. అప్పుడు అర్థం కాలేదంతే.

ఇక సెంట్రింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను. స్లాబ్ పోసినప్పుడు కాంక్రీటు పలచగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది. తన బరువు తాను మోసుకోలేదు. గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకునే చెక్కలు, డబ్బాలు, కర్రలు, జాకీలు, ఇదంతా కలిపి సెంట్రింగ్. పెద్ద కంపెనీల్లో షట్టరింగ్ అంటారు. ఇల్లు పూర్తయ్యాక మా పని ఎవరికీ కనిపించదు. గోడ కట్టినవాణ్ని మెచ్చుకుంటారు, రంగు వేసినవాణ్ని మెచ్చుకుంటారు. మేం కట్టింది మేమే విప్పుకొని పోతాం.

ఇప్పుడు ఒక లెక్క. పదో తరగతి దాటినవాళ్లు ఫోన్లు తీయండి, ఈ ఒక్కసారికి తప్పు లేదు. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గది. స్లాబ్ మందం అయిదు అంగుళాలు. ఇనుముతో కలిసిన కాంక్రీటు ఒక ఘనపు మీటరు దాదాపు 2500 కిలోలు తూగుతుంది. లెక్క కట్టండి... ఎంతొచ్చింది? నాలుగు వేల కిలోలు దాటింది కదా. అంటే నాలుగు టన్నులకు పైన. పెద్ద మగ ఏనుగు ఒకటి మీ నెత్తి మీద కర్రల మీద నిలబడ్డట్టు. అది కూడా కాంక్రీటు ఒక్కదానిదే. దాని మీద నడిచే పదిమంది, వైబ్రేటరు, ఒకేచోట కుమ్మరించిన కుప్ప వేరే. కర్రలు రెండున్నర అడుగులకొకటి చొప్పున పెట్టామనుకోండి, ఒక్కో కర్ర మీద 180 కిలోలకు పైగా పడుతుంది. ఒక కర్ర కింద మట్టి దిగబడితే ఆ బరువు ఎక్కడికీ పోదు, పక్క కర్రలు పంచుకుంటాయి. వాటిలో ఒకటి వంకరదైతే అదీ పోతుంది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి. స్లాబ్ కూలిందని పేపర్లో చదువుతాం కదా, చాలాసార్లు కూలేది కాంక్రీటు కాదు, కింద కర్ర.

నేను పని నేర్చుకున్నప్పుడు ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం వల్ల ఏమైందో చెప్తాను. ఇది చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. మా చిన్నాన్న కొడుకుకు పదహారు. ఇద్దరం కలిసి పనికి పోయాం. ఒక ఊరి శివారులో రెండంతస్తుల ఇల్లు. స్లాబ్‌తో పాటు ముందుకు నాలుగడుగుల బాల్కనీ వదిలారు. స్లాబ్ పోసిన రోజు ఇంటాయన యాటను కోశాడు, మంచిగా తిన్నాం. అయిదో రోజు పొద్దున కాంట్రాక్టరు వచ్చి, వేరే సైటుకు కర్రలు కావాలె, విప్పుండ్రి అన్నాడు. పెద్ద మేస్త్రీ ఆరోజు రాలేదు. నేను ఉత్సాహంగా సుత్తె పట్టుకున్నాను. మేస్త్రీ లేనప్పుడు నేనే మేస్త్రీనని చూపించుకోవాలని.

బాల్కనీ కింద గోడ పక్కనున్న కర్రలు ముందు తీశాను. బయటి అంచు కర్రలు ఆఖరికి ఉంచాను. ఎందుకలా తీశావంటే జవాబు లేదు, గోడ పక్కన నీడ ఉంది, అంతే. తమ్ముడు కింద కర్రలు ఏరి ఒక దగ్గర పేరుస్తున్నాడు. ఆఖరి కర్రను సుత్తెతో కొట్టాను. గోడ దగ్గర సన్నగా చప్పుడైంది, జొన్న చొప్ప విరిచినట్టు. పై నుంచి దుమ్ము రాలింది. "జరుగురా" అనేలోపే బాల్కనీ కిందికి వచ్చింది. తుంటి ఎముక, కాలు విరిగాయి. ప్రాణం మిగిలింది.

ఆసుపత్రిలో కాంట్రాక్టరు ఆటో కిరాయి ఇచ్చి పోయాడు. మళ్లీ కనపడలేదు. సైటు రిజిస్టరులో తమ్ముడి పేరు లేదు. ఎట్లా ఉంటుంది, వాడికి పదహారేళ్లు. వాణ్ని పనికి తీసుకుపోయింది నేను. మా చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తమ్ముడు ఇప్పుడు ఈ హాల్లోనే మూడో వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పమని తనే అన్నాడు. కొంచెం కుంటుతాడు, కానీ లెక్కల్లో నాకంటే చురుకు. సెంట్రింగ్ సామాను కిరాయికి ఇస్తాడు. పగిలిన కర్రను, వంగిన జాకీని ఎంత డబ్బిచ్చినా బయటికి పంపడు. వాడి దగ్గర బేరం కుదరదు. నన్నే తిప్పి పంపాడు ఒకసారి.

ఆరోజు నేను చేసిన తప్పులు రెండు. వాటిని చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంజినీరు సారు కాగితం మీద గీసి చూపిస్తే అర్థమయ్యాయి.

ఒకటి, వరుస తప్పు. గదిపై స్లాబ్‌కు నాలుగు వైపులా గోడలో, బీములో ఆధారం ఉంటుంది. దాని కింద కర్రలు నడి మధ్య నుంచి మొదలుపెట్టి గోడల వైపు తీస్తూ రావాలి. బాల్కనీ, సన్‌షేడ్ వేరు. అవి ఒక్క వైపే పట్టుకొని గాలిలో వేలాడతాయి. అందుకే వాటిలో అసలు చువ్వలు పై భాగంలో వేస్తారు. వాటికి బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. నేను తిరగేసి తీశాను. అంచు కర్రల మీద ఆ పలక రెండు చివరలా ఆధారమున్న దూలంలాగా అయిపోయింది, నడుం కిందికి వంగింది, కింది భాగంలో చువ్వలు లేవు, పగిలింది.

రెండోది, రోజుల తప్పు. మన దేశంలో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అని ఒక ప్రమాణ పత్రం ఉంది, 2000 సంవత్సరపు ప్రతి. అందులో ఏ కర్ర ఎన్నాళ్లకు తీయాలో రాసి ఉంది. స్తంభాల పక్క పలకలు 16 నుంచి 24 గంటలకు తీయొచ్చు, ఎందుకంటే అవి బరువు మోయవు, ఆకారం పట్టుకుంటాయంతే. స్లాబ్ కింది కర్రలు, గోడకు గోడకు మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపుంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీముల కింది కర్రలు ఆరు మీటర్ల లోపుంటే 14 రోజులు, మించితే 21 రోజులు. ఇవి కూడా మామూలు ఓపీసీ సిమెంటుకు, చలి మరీ ఎక్కువ లేని రోజుల్లో చెప్పిన కనీసపు గడువులు. ఇప్పుడు మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పీపీసీ సిమెంటు. అది మెల్లగా బలం పుంజుకుంటుంది, ఇంకా ఆగాలి. ఎన్నాళ్లని ఇంజినీరును అడగాలి. నీళ్లు కూడా పీపీసీకి కనీసం పది రోజులు పెట్టాలి. బాల్కనీకి ఈ గడువు ఒక్కటే సరిపోదు, దాన్ని వెనక నుంచి నొక్కి పట్టే గోడ, స్లాబ్ సిద్ధమైనాయా లేదా చూసి ఇంజినీరు చెప్పాకే ముట్టాలి.

ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఈ మూడు అంకెలు తెలిసి ఉంటే ఆ అయిదో రోజు పొద్దున నేను "ఇంకా రోజులు కాలేదు" అని ఉండేవాణ్ని. పదిహేడేళ్ల పిల్లగాని మాట కాంట్రాక్టరు వింటాడా అంటారా? వినకపోవచ్చు. కానీ నేను సుత్తె కింద పెట్టి ఉండేవాణ్ని. తమ్ముణ్ని బయటికి పిలిచి ఉండేవాణ్ని. ఇప్పుడు నేను స్లాబ్ పోసిన తేదీని స్తంభం మీద బొగ్గుతో రాస్తాను. ఎవరు వచ్చి విప్పమన్నా దాన్ని చూపిస్తాను. నోటి మాటతో కొట్లాడటం కంటే గోడ మీద అంకెతో కొట్లాడటం సులువు. కొందరు ఓనర్లు విసుక్కున్నారు, ఇద్దరు పని తీసేశారు. తీసేయనీయండి.

ఇక పని నేర్చుకునే తీరు. హెల్పర్‌గా పోయి చూసి చూసి నేర్చుకోవడం మనకు తెలిసిన దారి. దాంతో చెయ్యి తిరుగుతుంది. కానీ చూసి నేర్చుకున్నవాడు మంచినీ నేర్చుకుంటాడు, చెడునూ అంతే శ్రద్ధగా నేర్చుకుంటాడు. కర్ర పొట్టిదైతే కింద నాలుగు ఇటుక ముక్కలు పేర్చడం నేను అట్లాగే నేర్చుకున్నాను. ఇటుక ముక్క బరువుకు పగులుతుంది, వానకు జారుతుంది. కర్ర కింద వెడల్పాటి పలక వెయ్యాలి, ఎత్తు సరిచేయడానికి ఏటవాలుగా కోసిన రెండు చెక్కలు ఎదురెదురుగా దూర్చి బిగించాలి. నింపిన మట్టి మీద కర్ర పెట్టాలంటే ముందు తడిపి దిమ్మిస కొట్టాలి. కర్ర తూకంగుండుకు నిటారుగా ఉండాలి. నడి మధ్య అతుకు ఉండొద్దు. నిలువు కర్రలను అడ్డ కర్రలతో, ఐమూల కర్రలతో ఒకదానికొకటి కట్టాలి. ఆ అడ్డ కర్రలను చాలామంది దారికి అడ్డమని పీకేస్తారు. నిలువు కర్ర ఎంత పొడుగైతే అంత తొందరగా నడుం దగ్గర వంగుతుంది, అడ్డ కర్ర దాని నడుం పట్టుకుంటుంది. సన్న వెదురు బెత్తం మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూడండి ఇంటికి పోయాక. తర్వాత నడి మధ్యలో రెండు వేళ్లతో ఎవరినైనా పట్టుకోమని మళ్లీ నొక్కండి. ఇంజినీరింగు కాలేజీలో ఇంతకన్నా ఎక్కువే చెప్తారు, కానీ మొదలు ఇదే.

కొలత దగ్గరికి వస్తాను. సైటులో మేస్త్రీ అడుగులు, అంగుళాల్లో మాట్లాడతాడు, డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉంటుంది. అంగుళంలో ఎనిమిదో వంతును మనం సూత్ అంటాం, కొన్నిచోట్ల నూలు అంటారు. ఒక సూత్ మూడు మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. ఈ మార్పు నోటికి వచ్చినవాణ్ని ఏ సైటులోనూ ఇసుక మొయ్యమని పంపరు. మూలమట్టం చెడిపోయినా పరవాలేదు, దారం, టేపు ఉంటే చాలు. ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టండి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. బడిలో దీన్ని పైథాగరస్ అన్నారు, నాకు అప్పుడు ఎక్కలేదు. లెవల్ చూడ్డానికి నీళ్ల పైపు చాలు, లోపల గాలి బుడగ లేకుండా చూసుకోవాలి. బుడగ ఉంటే పైపు అబద్ధం చెప్తుంది.

రంపంతో కోసేటప్పుడు గీత మీద కొయ్యొద్దు, గీత పక్కన కొయ్యండి, గీత మీకు కావలసిన ముక్క మీదే ఉండాలి. రంపపు పన్ను తినే మందం కూడా లెక్కే. చెక్కను మోకాలి కింద వేసుకొని గాలిలో కొయ్యకుండా రెండు దిమ్మల మీద ఆనించి, కోసే చోటికి దగ్గరగా బిగించి పట్టండి. ఉలి పట్టినప్పుడు ఏ చెయ్యీ ఉలి మొనకు ముందు ఉండకూడదు. మొద్దు ఉలి పదునైన ఉలి కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని బలంతో తోస్తాం, జారితే ఆపలేం. మొల కొట్టేటప్పుడు చెక్క అంచున పగలకుండా మొల మొనను సుత్తెతో ఒక దెబ్బ కొట్టి మొద్దు చెయ్యండి. ఒకే పోగు మీద వరుసగా మొలలు దించొద్దు. విప్పాల్సిన సెంట్రింగులో మొల తల కొంచెం పైకి వదలాలి, పీకడానికి. పీకిన చెక్కలో మొలను అట్లాగే వదిలి పడెయ్యడం మన సైట్లలో రోజూ చూస్తాం. చెప్పులేసుకొని వచ్చిన అక్క ఎవరో దాని మీద కాలు వేస్తుంది. పీకితే డబ్బాలో వెయ్యండి, తీరిక లేకపోతే కనీసం వంచి కొట్టండి. తుప్పు మొల గుచ్చుకుంటే సున్నం పెట్టి కూర్చోవద్దు, అదే రోజు దవాఖానకు పోయి టీటీ వేయించుకోండి.

మిషన్ల గురించి గట్టిగా చెప్తాను, ఇక్కడ నవ్వొద్దు. నాలుగంగుళాల గ్రైండింగ్ మిషన్ ఇనుము రుద్దడానికి చేసింది. అది నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దానికి పళ్లున్న కట్టె కోసే బ్లేడు బిగించి, మూత ఊడదీసి పలకలు కొయ్యడం ఇప్పుడు అన్ని చోట్లా చూస్తున్నాను. పన్ను కట్టెలో ఇరుక్కుంటే మిషన్ ఎగిరి మన మీదికే వస్తుంది, మెడ మీదికి, తొడ మీదికి. నా జట్టులో ఆ పని చేసినవాణ్ని ఆ పూటే ఇంటికి పంపుతాను. కట్టెకు కట్టె కోసే మిషనే, మూతతోనే. తిరిగే బ్లేడు దగ్గర బట్ట చేతితొడుగులు వద్దు, వేలాడే చొక్కా వద్దు, మెడలో కండువా వద్దు. చేతి కడియాలు, దారాలు పని వేళకు తీసి జేబులో వేసుకోండి. మన చెల్లెళ్లు ఓణీ నడుముకు బిగించి కట్టాలి, గాజులు తీసి పెట్టాలి. కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, చెక్క పొట్టు ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరికి చేటు. ప్లగ్గు లేకుండా రెండు తీగల కొసలు అగ్గిపుల్లతో సాకెట్లో గుచ్చే విద్య మనలో చాలామందికి వచ్చు. ఆ విద్య మర్చిపోండి. మూడు పిన్నుల ప్లగ్గు, నేల మీద తడిలో పడకుండా పైకి కట్టిన వైరు, లీకేజీకి ఆగిపోయే స్విచ్చి ఉండాలి. అడగాలి.

ఎత్తు మీద ఒక్క సంగతి చాలు. ఆరడుగుల ఎత్తు నుంచి పడ్డవాణ్నీ కాటికి మోశాను. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం జరిపి వాల్చాలి, పైన మూడడుగులు మిగలాలి. చివర కింద ఆధారం లేకుండా వేలాడే పలక మీద కాలు వేస్తే అది ఊగుడుబల్ల అవుతుంది. కాలు పెట్టే ముందు పలక రెండు కొసలూ చూడండి. హెల్మెట్ వేడిగా ఉంటుంది, నిజమే.

ఇంకొకటి ఉంది. ఇది నా కంటికి నిద్ర లేకుండా చేసే సంగతి. మనవాళ్లు భార్యాభర్తలు కలిసి పనికి పోతారు. చంటిబిడ్డను ఎక్కడ ఉంచాలి? సెంట్రింగ్ కింద నీడ ఉంటుంది, చల్లగా ఉంటుంది. రెండు కర్రలకు చీర కట్టి ఉయ్యాల వేస్తారు. మధ్యాహ్నం అక్కడే సద్ది విప్పుతారు. నేనూ తిన్నాను అక్కడ, నా బిడ్డ కూడా ఆ ఉయ్యాలలో పడుకుంది. ఆ ఏనుగు సంగతి గుర్తుందా? స్లాబ్ పోసే రోజు, ఆ తర్వాత కర్రలు తీసేదాకా దాని కింద ఎవరూ కూర్చోవద్దు, పడుకోవద్దు, ఉయ్యాల కట్టవద్దు. నా జట్టులో పని మొదలుపెట్టకముందే రోడ్డు అవతల చెట్టు కిందో, రేకుల కిందో తల్లులకు జాగా అడిగి తీసుకుంటాను. ఓనరు ఒప్పుకోడు అనుకుంటాం గానీ అడిగితే చాలామంది ఒప్పుకున్నారు. మనమే అడగం.

పద్ధతిగా నేర్చుకునే చోట్లు చెప్తాను, రాసుకోండి. హైదరాబాదులో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ సంస్థ ఉంది, అందరూ నాక్ అంటారు, మాదాపూర్ దగ్గర. నిర్మాణ పనుల్లో శిక్షణ ఇవ్వడమే దాని పని. ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడు ఒక ఏడాది. ఇక్కడే హసన్‌పర్తిలో ఎస్‌బీఐ గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది, ఉచితంగా నేర్పుతారు, ఇప్పుడు ఏ కోర్సు నడుస్తుందో మీరే పోయి అడగండి. అక్కడ కార్పెంటరీ లేకపోతే ఎలక్ట్రికల్ నేర్చుకోండి, నష్టం లేదు. చేతి పనిముట్లతో ఇంట్లో వడ్రంగం చేసుకునేవాళ్లకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉన్నాయి. గల్ఫ్‌కు పోవాలనుకునేవాళ్లకు ఒక మాట, అక్కడి వీసాల్లో షట్టరింగ్ కార్పెంటర్ అని వేరే పేరు ఉంటుంది, లేబర్ అని వేరే ఉంటుంది. పోయే ముందు పని చేయించి చూసి తీసుకుంటారు. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేముందు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి.

వయసు విషయం. పద్దెనిమిది నిండనివాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నాకు కనిపిస్తోంది. మీరు టేపు చదవడం నేర్చుకోండి, ఇంటి దగ్గర పీట చెయ్యండి, కోళ్ల గూడు చెయ్యండి. సైటుకు రావొద్దు. నా జట్టులో తీసుకోను, మీ నాన్న వచ్చి అడిగినా తీసుకోను. పద్దెనిమిది నిండి, ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి, అరవై ఏళ్ల దాకా. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం పుణ్యమా అని కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు మన పేరు మీదే వసూలవుతుంది. కార్డు లేకపోతే ఆ డబ్బులో మనకు దారి లేదు. రెన్యువల్ మర్చిపోవద్దు, చాలామంది కార్డులు పెట్టె అడుగున చచ్చి ఉన్నాయి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం అడగడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, కార్మిక శాఖ కార్యాలయానికి పోవాలి. సైటుకు చేరిన రోజే హాజరు పుస్తకంలో మీ పేరు రాసిన పేజీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మా తమ్ముడికి ఆ ఒక్క కాగితం లేకపోయింది.

చెల్లెళ్ల గురించి ఎవరో చీటీ పంపారు, "ఆడపిల్లలు సెంట్రింగ్ చేస్తారా" అని. తట్ట నిండా తడి కాంక్రీటు నెత్తిన పెట్టుకొని నిచ్చెన ఎక్కేది ఎవరు? మీ అమ్మే కదా. ఆ మెడకు అంత బలం ఉన్నప్పుడు తూకంగుండు చూడ్డానికి ఏం అడ్డం. నా జట్టులో ఇద్దరు అక్కలు లెవల్ పైపు పట్టుకుంటారు, వాళ్లు సరే అంటేనే మేం మొల కొడతాం. కూలి కూడా మేస్త్రీ కూలే ఇస్తున్నాను. మొదట్లో ఇవ్వలేదు, నా భార్య అడిగాక ఇచ్చాను. అదీ చెప్పాలి కదా.

మాట పొడుగైంది, బువ్వ వేళ అయ్యిందని సెక్రెటరీ అన్న గడియారం చూపిస్తున్నాడు. ఇంకో పావుగంట ఆగండి. బయట వేపచెట్టు కింద తమ్ముడు పది నీలగిరి కర్రలు, రెండు జాకీలు, పలకలు దింపించాడు. ఆ పదింటిలో మూడు కర్రలు సెంట్రింగుకు పనికిరానివి. ఏవో, ఎందుకో మీరే పట్టుకొని చూసి చెప్పాలి. ఒకటి సులువే, కంటికే వంకర కనిపిస్తుంది. ఇంకోటి పగులు లోపలికి ఉంది. మూడోది నాకే మొదట తెలియలేదు, తమ్ముడు చెప్పాడు. బూట్లు వేసుకొని వచ్చినవాళ్లు ముందుకు రండి. చెప్పులవాళ్లు తాడు అవతల నిలబడి చూడండి.